వెనక సీటు

మా మీటియోర్ బండికి సీటు మార్పించి నాలుగు నెలలు దాటింది. అప్పట్నుంచీ దోస్తులు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. ఏ కంపెనీది, ఎంత పడింది, ఎక్కడ దొరుకుతుంది? అందరికీ ఒక్క మాటలో జవాబు కావాలి. ఒక్క మాటలో తేలేదైతే నాకూ ఒక్క రోజులో తేలిపోయేది. దీని వెనక నెలన్నర తిరుగుడు ఉంది, ఒక దూదేకుల ఉస్తాద్ ఉన్నాడు, అన్నిటికంటే ముందు మా బేగం దుమ్చీ ఎముక ఉంది. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

దుమ్చీ అంటే వెన్నెముకకు అట్టడుగున ఉండే చిన్న ఎముక. మూడేళ్ళ కింద బేగం మెట్ల మీద జారి కూలబడింది. ఎక్స్‌రే తీసి విరగలేదన్నారు. మందులు వాడింది, తగ్గింది. తగ్గడం అంటే, నడిస్తే నొప్పి లేదు, పడుకుంటే లేదు. కూర్చుంటేనే ఉంది, అదీ గంట దాటితేనే. పెళ్ళిళ్ళలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్న బేగం మాటిమాటికీ లేచి వడ్డించడానికి పోతుంటే ఎంత ఖిద్మత్ చేస్తోందో అని చుట్టాలు మెచ్చుకుంటారు. సంగతి ఏమిటో మా ఇద్దరికే తెలుసు.

పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక మాకు ఒక షౌఖ్ మొదలైంది. సెలవు దొరికితే బండి మీద ఎటైనా పోవడం. బీదర్ పోయాం, మెదక్ పోయాం, జాన్‌పహాడ్ దర్గాకు పోయాం. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునేది కరెంటు బిల్లు, ట్యూషన్ ఫీజు, అమ్మీ మందులు. బండి మీద హెల్మెట్లు పెట్టుకుంటే ఆ మాటలు కూడా ఉండవు. చెరువు కనబడితే భుజం తట్టి అటు చూపిస్తుంది, అంతే. ఆ తట్టడం కోసమే నేను పెట్రోలు పోయిస్తానంటే నమ్మండి.

గుల్బర్గా ఖాజా బందేనవాజ్ దర్గాకు పోదామని అనుకున్నాం. జహీరాబాద్, హుమ్నాబాద్ మీదుగా పోతే హైదరాబాద్ నుంచి సుమారు రెండొందల ఇరవై కిలోమీటర్లు. రొట్టెలు కాలుస్తూ, నా వైపు చూడకుండానే అంది: "మై బస్ మే ఆతుం. ఆప్ గాడీ పే ఆవో." గొంతులో షికాయత్ ఏమీ లేదు. మామూలుగా చెప్పింది. బస్సు సీటు మెత్తగా ఉంటుందని కాదట, బస్సులో అయితే లేచి నిలబడొచ్చట. ఈసారి బస్సు అంటే ఇక ఎప్పటికీ బస్సే అని నాకు అర్థమైంది. సీటు సంగతి చూద్దామన్నాను. "దేఖో" అంది, నమ్మకం లేకుండా.

సీటు కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి, ఖర్చు లేనివి. మా బండికి వెనక షాకబ్జర్ల గట్టిదనాన్ని ఆరు మెట్లలో మార్చుకోవచ్చు. ఒక్కడే తిరిగే బండికి మెత్తగా పెట్టిన షాకబ్జర్, ఇద్దరు కూర్చుని సామాను కడితే పూర్తిగా కుంగిపోయి, ప్రతి గుంతనూ నేరుగా వెనకవాళ్ళ నడుముకు పంపిస్తుంది. అలాగని మరీ గట్టిగా బిగించినా దెబ్బే. ఇద్దరూ కూర్చుని, ఒక్కో మెట్టూ మార్చుకుంటూ తిరిగి చూడాలి. రెండోది టైరులో గాలి. ఇద్దరికి ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఈ రెండూ చేశాక బేగం గంట కాస్తా గంటంపావు అయింది. ఫరక్ ఉంది, కానీ గుల్బర్గా అంత లేదు.

ఉర్దూ మీడియం బడిలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి కాబట్టి నాకో బీమారీ ఉంది. ఏ వస్తువు కొనబోయినా ముందు దాని పేరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతాను. తెలుగులో జీను అంటాం, అది ఫార్సీ జీన్. లగాము, సవారీ ఫార్సీవే. కాలు పెట్టే రికాబు అరబ్బీ నుంచి ఫార్సీ మీదుగా వచ్చింది. గుర్రం అచ్చ తెలుగుది, దాని మీద కూర్చునే ఇంతజామ్ మన జబాన్‌ది! ఇక వెనక కూర్చునేవాళ్ళను ఇంగ్లీషులో పిలియన్ అంటారు కదా. స్కాట్లండ్, ఐర్లండ్ వాళ్ళ గేలిక్ భాషల్లో దానికి మూలం ఉంది, చిన్న మెత్త అని. గుర్రం మీద మగమనిషి వెనక ఆడమనిషి కూర్చోవడానికి వేసే మెత్తకు ఆ పేరు. అంటే ఒకప్పుడు పిలియన్ అన్నది మనిషి పేరు కాదు, ఆ మనిషి ఆరామ్ కోసం వేసిన వస్తువు పేరు. ఇప్పుడు మనిషి పేరుగా మిగిలింది, మెత్త పలచబడింది. మన దగ్గర ఒంటెల మీద కజావా, మహ్మిల్ కట్టేవాళ్ళు. అవి కూడా పగ్గం చేతిలో లేని మనిషి కోసం చేసినవే.

పగ్గం చేతిలో లేకపోవడమే అసలు సంగతి. ముందు కూర్చున్నవాడికి గుంత కనబడుతుంది, కాస్త లేచి నిలబడతాడు, నడుము కాపాడుకుంటాడు. వెనకున్న మనిషికి గుంత తగిలాకే తెలుస్తుంది. పైగా ఆమె కూర్చునేది దాదాపు వెనక చక్రం పైనే. దెబ్బ ఎక్కువ పడేచోట సీటు సన్నగా, స్పంజు పలచగా ఉంటుంది. ఎందుకంటే బండి ఫొటోలో అందంగా కనబడాలి.

పుత్లీబౌలికి ఇద్దరం కలిసే పోయాం. స్పేర్ పార్టుల బజారు కదా, ఒక్క గల్లీలో వంద రకాల సీట్లు వేలాడుతుంటాయి. "దబాకే దేఖో భాయ్" అని దుకాణం పిల్లాడు బొటనవేలితో నొక్కి చూపించాడు. వేలు లోపలికి దిగింది. ఎంత నరమ్ అన్నాడు. ఆ నరమే దుష్మన్ అని తర్వాత తెలిసింది. మనం కూర్చుంటే బరువులో ఎక్కువ భాగం పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. స్పంజు మరీ మెత్తనైతే ఆ రెండూ దిగబడి కింది ప్లేటుకు ఆనుతాయి. అవి దిగబడినప్పుడు మధ్యలో, వెనక మిగిలిన స్పంజు పైకి లేచి దుమ్చీని ఒత్తుతుంది. పది నిమిషాలు ఆ సీటు జన్నత్. గంట తర్వాత సంగతి వేరు. దుకాణంలో గంట ఎవరు కూర్చోనిస్తారు?

అదే పిల్లాడు శారీ గార్డు కూడా తీసేయమన్నాడు, సీటు మారిస్తే దానితో లుక్ పాడవుతుందట. బేగం నా వైపు చూసింది. బుర్ఖా వేసుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఆ మాట అన్నాడు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చదవండి. వెనక మనిషికి పట్టుకునే పిడి, కాళ్ళు పెట్టుకునే చోటు, చక్రంలో బట్టలు చిక్కుకోకుండా కనీసం సగం చక్రానికి అడ్డు, ఈ మూడూ బండికి ఉండాలి. సీటు కోసం అందులో ఏది తీయమన్నా ఆ దుకాణం దిగి వచ్చేయండి.

జెల్ ప్యాడ్ సంగతి చాలామంది అడిగారు. మా ఆఫీసు దోస్త్ దగ్గర ఉంటే రెండు రోజులు తెచ్చి వేశాం. చలికాలంలో బాగుంటుందేమో. మేము చూసింది ఏప్రిల్‌లో. జుహర్ నమాజుకు బండి ఎండలో పెట్టి వచ్చేసరికి అది తవా అయింది. జెల్ వేడిని తొందరగా వదలదు. ఇంకోటి, సీటు ఆకారం బాగాలేకపోతే దాని మీద వేసిన ప్యాడ్ కూడా అదే ఆకారంలో కూర్చుంటుంది.

గాలి గదుల మెత్తలు కూడా వచ్చాయి. వాటిలో పేరున్న ఎయిర్‌హాక్ పుట్టుక నాకు నచ్చింది. చక్రాల కుర్చీలో రోజంతా కూర్చునేవాళ్ళకు పుండ్లు పడకుండా అమెరికాలో చేసిన మెత్తల నుంచి అది వచ్చింది. అబ్బా ఆఖరి నెలల్లో మంచానికి గాలి పరుపు వేశాం, ఆ హిసాబు నాకు తెలుసు. బరువు ఒక్కచోట ఆగకుండా పంచుకుపోతుంది. దీనిలో గాలి నిండా కొట్టకూడదు. కూర్చున్నాక కింది సీటుకు తగలకుండా, తేలీతేలనట్టు ఉంటే చాలు. ఒక్కడే తిరిగేవాడికి ఇది మంచి వస్తువే అంటాను. బేగం కూర్చుని చూసి, పడవలో ఉన్నట్టుంది అంది. పైగా అబాయా గుడ్డ నున్నన, మెత్త పైగుడ్డ నున్నన. బ్రేకు వేసినప్పుడల్లా నా వీపు మీదికి వచ్చేది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళే టూరింగ్ సీట్లు అమ్ముతారు. వెడల్పు ఎక్కువ, కుట్టు శుభ్రం, బండికి అతికినట్టు కూర్చుంటుంది. నడుముకు ఏ ఇబ్బందీ లేనివాళ్ళు కళ్ళు మూసుకుని అదే తీసుకోవచ్చు, ఉస్తాద్‌ల చుట్టూ తిరగక్కర్లేదు. కాలిఫోర్నియాలో కార్బిన్ అని పాత కంపెనీ ఉంది. వాళ్ళ సీట్లు మొదట్లో గట్టిగా అనిపిస్తాయని పేరు, కావాలనే అలా చేస్తారు. కానీ అందరి కోసం తీసిన కొలతలో దెబ్బతిన్న దుమ్చీకి చోటు ఎక్కడుంటుంది?

మలక్‌పేట వైపు ఒక గల్లీలో కుషన్ వర్క్స్ దుకాణం. ఆటో సీట్లు, పెళ్ళి సోఫాలు కుడతారు. సలాం చేసి ఉర్దూలో మొదలుపెట్టాను. ఆయన చేతిలో కత్తెర ఆపి, "నాకు తురకం అంతగా రాదు సార్, తెలుగులో చెప్పండి. మాది నంద్యాల పక్క పల్లె, దూదేకులోళ్ళం" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గింది. ఎందుకు తగ్గిందో చదివే మీకు తెలుసు. ఉర్దూ రాకపోతే ముసల్మాన్ ఎట్లా అని అడిగినవాళ్ళు మనవాళ్ళే. దూదేకుల, నూర్‌బాషా, పింజారి అని పేర్లు పెట్టి దూరంగా కూర్చోబెట్టినవాళ్ళూ మనవాళ్ళే. మన తాతలందరూ పడుకున్నది మాత్రం వాళ్ళు ఏకిన దూది మీద.

ఉస్తాద్ బండి వైపు చూడలేదు. బేగంను అడిగాడు. "కూర్చోగానే నొప్పి లేస్తాదా అమ్మా, కాసేపైనాకనా?" కాసేపయ్యాక అంది. "యాడ?" అని ఆయన అడగలేదు. అది అడిగే మాట కాదు, ఆమె చెప్పే మాటా కాదు. ఎముకల డాక్టరు దగ్గరే రెండు ముక్కలు చెప్పి ఊరుకున్న మనిషి. ఉస్తాద్ సీటు పైతొడుగు ఊడదీసి, ఉత్త స్పంజును బండి మీద పెట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీసి సీటు మీద ఉంచాడు. "మేము చాయ్ తాగొస్తాం సార్ నేనూ. నువ్వు కూచోనమ్మా, బాగా కుదురుకోని, యాడ ఒత్తుతాంటే ఆడ గీత గీయి." షాపు కుర్రాణ్ణి కూడా వెంట తీసుకుని బయటికి వచ్చేశాడు.

ఇరవై నిమిషాలు మేము చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. వాళ్ళ నాయన విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టేవాడట. "కొత్త పరుపు మొదటి రాత్రి అందరికీ బాగుంటాది సార్. మా నాయన నెల తర్వాత పోయి ఎట్లుందని అడిగేటోడు. బాగుందంటేనే మిగతా దుడ్లు తీసుకునేటోడు. దూది పాయె, స్పంజు వచ్చె. పని అదే."

తిరిగి వచ్చేసరికి స్పంజు మీద గీతలు ఉన్నాయి. వెనక వైపు ఒక సన్నని సున్నా, దానికి రెండు పక్కల చిన్న అడ్డగీతలు. ఉస్తాద్ వాటిని చూసి తల ఊపాడంతే, ఒక్క ప్రశ్న వేయలేదు.

ఆయన చేసింది ఇది. కంపెనీ సీటు కోయలేదు. అది దాచుకోమని చెప్పి, వేరే ప్లేటు తెప్పించి దాని మీద పని మొదలుపెట్టాడు. అడుగున ముక్కల స్పంజు, అంటే స్పంజు తునకల్ని జిగురుతో ఒత్తి చేసేది, బాగా గట్టిది. దాని మీద 40 డెన్సిటీ స్పంజు. డెన్సిటీ అంటే మెత్తదనం కాదని ఆయనే చెప్పాడు. ఘనపు మీటరు స్పంజు ఎన్ని కిలోలు తూగుతుందో ఆ లెక్క. బరువున్న స్పంజు తొందరగా చావదు. మెత్తదనం వేరే సంగతి. అన్నిటికీ పైన వేలెడు మందం మెత్తటి పొర, కూర్చోగానే మనసుకు బాగుండటానికి. సుద్దగీత ఉన్నచోట వెనకదాకా గుర్రపు నాడా ఆకారంలో కోసేశాడు, దుమ్చీ దేనికీ తగలకుండా గాలిలో ఉండేట్టు. అడ్డగీతల దాకా రెండు పక్కలా వెడల్పు పెంచాడు. ఆడవాళ్ళకు ఆ కూర్చునే ఎముకల మధ్య దూరం మామూలుగా మగవాళ్ళకంటే ఎక్కువ, సన్నని సీటు అంచు మీద పడతారు. ముందుకు జారకుండా ముందు అంచు చిటికెడు ఎత్తు చేశాడు.

తొడుగు వేయకుండానే పాలిథిన్ చుట్టి, "ఇబ్రహీంపట్నం దాకా పోయి రాండి" అని పంపించాడు. పోయి వచ్చాం. నొప్పి లేదుగానీ ఎడమ తొడ తిమ్మిరెక్కింది అంది బేగం. మళ్ళీ సుద్ద, మళ్ళీ చాయ్. అంచు చెక్కాడు. మర్నాడు మళ్ళీ ఇబ్రహీంపట్నం. రెండోసారి వచ్చాక బేగం తనే ఉస్తాద్‌తో తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది, "భాయ్, ఇక్కడ కొంచెం ఎత్తు ఎక్కువైంది, మోకాళ్ళకు బాగుంది గానీ గాలి మొఖానికి కొడుతోంది" అని. సీటు పెంచితే మోకాలు తక్కువ మడుస్తుంది, కానీ తల నా హెల్మెట్ పైకి వచ్చేస్తుంది. అర అంగుళం తగ్గించాడు.

తొడుగుకు నేను ముదురు గోధుమరంగు చూపించాను. ఆయన బేగంను అడిగాడు, బుర్ఖా గుడ్డ జారుతాదా అని. నిదా గుడ్డ, జారుతుంది. అయితే గరుకు రెగ్జిన్ వేయాలన్నాడు. మధ్యలో కుట్టు లేకుండా ఒకే ముక్క. మధ్య కుట్టు ఒత్తుతుంది, వానలో నీళ్ళూ తాగుతుంది. రంగు సంగతి ఎవరూ నన్ను మళ్ళీ అడగలేదు.

ఒక మాట మధ్యలో చెప్పాలి. బేగం రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చుంటుంది, కింద వదులు షల్వార్ ఉంటుంది. ఒక పక్కకు కూర్చోవడమే అదబ్ అని మా ఖాలాలు ఇప్పటికీ అంటారు. రెండొందల కిలోమీటర్లు నడుము మెలిపెట్టి, బరువంతా ఒక తుంటి మీద వేసి కూర్చోవడంలో ఏ అదబ్ ఉందో నాకు తెలియదు. బండి ఎక్కగానే మనం చదివే సవారీ దువా సూరా జుఖ్రుఫ్ నుంచి తీసుకున్నదే. అక్కడ సవారీ వీపు మీద కుదురుగా కూర్చోవడం గురించే మాట ఉంది. కుదురుగా అన్నది ముందువాడికి మాత్రమే అని ఎక్కడా లేదు.

మొత్తం రెండు వేల ఎనిమిది వందలు అయింది. ఉస్తాద్ సగమే తీసుకున్నాడు. "మిగతాది గుల్బర్గా పోయొచ్చినాక" అన్నాడు. వద్దు, ఉంచుకోండి అంటే, "అమ్మ చెప్పాల" అన్నాడు.

ఫజర్ చదువుకుని బయల్దేరాం. జహీరాబాద్‌లో చాయ్, హుమ్నాబాద్‌లో టిఫిన్. నొప్పి రాలేదా అని అడుగుతారు. వచ్చింది. గుల్బర్గా ఇంకో ఇరవై కిలోమీటర్లు ఉందనగా భుజం మీద రెండుసార్లు తట్టింది, చెరువు చూపించే తట్టుడు కాదు. చింతచెట్టు కింద ఆగాం, ఐదు నిమిషాలు నడిచింది, మళ్ళీ ఎక్కింది. దర్గా ముందు దిగి నడుము మీద చెయ్యి పెట్టుకుని ఒకసారి ఒళ్ళు విరుచుకుంది. రాత్రి బస్సుకు టికెట్ చూడనా అన్నాను. "బస్ కైకు? వాపస్ భీ ఇసీ పే" అంది.

ముందు సీటు ఏం చేశావని కూడా అడుగుతున్నారు. కంపెనీదే ఉంది. నాకు చాలు.

మిగిలిన పద్నాలుగు వందలు ఇవ్వడానికి పోయినప్పుడు ఉస్తాద్ మా సీటులోంచి కోసిన స్పంజు తునకలు ఒక సంచిలో కట్టి ఇచ్చాడు, పారేయొద్దు, మంచి స్పంజు అని. బేగం వాటిని పేర్చి, పాత దుపట్టాతో గలీబు కుట్టి, అమ్మీ నమాజు కుర్చీ మీద వేసింది. అమ్మీకి మోకాళ్ళు వంగవు, కుర్చీ మీదే చదువుతుంది. కూర్చుని చూసి, "ఇంత సఖ్తా? పైసలు పెట్టి రాయి తెచ్చారా?" అంది. మొన్న జుమ్మా రోజు మా చెల్లెలు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే, అసర్‌కు ఇంకా గంట టైము ఉండగానే లేపేసింది.